ఏ వికారి, ఏ జిల్లా: తాతగారి కాగితాలకు మెటాడేటా రాశాం

విజయనగరంలో మా తాతగారు దాచిన ఉత్తరాలు, శుభలేఖలు, ఫొటోలు స్కాన్ చేయడం పెద్ద పనేమీ కాలేదు. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. కంప్యూటర్ నిండా అంకెల పేర్లతో ఫైళ్లు, అన్నిటికీ స్కాన్ చేసిన నాటి తేదీలే. ఏది ఎవరిదో, ఎప్పటిదో, ఎక్కడిదో రాసి పెట్టకపోతే దాచినా దొరకవు. ఆ వివరాలే మెటాడేటా.

అందుకు డబ్లిన్ కోర్ పద్ధతి ఎంచుకున్నాను. 1995లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్‌లో జరిగిన సమావేశంతో మొదలైంది కాబట్టి ఆ పేరు. శీర్షిక, కర్త, తేదీ, భాష, హక్కులు వంటి 15 అంశాలుంటాయి. అన్నీ నింపి తీరాలనే నియమం లేదు. ఇంటి కాగితాలకు ఇంతకంటే అక్కర్లేదు.

ఒక శుభలేఖ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. ‘వికారి నామ సంవత్సర మాఘ శుద్ధ’ అని తిథి ఉంది, ఇంగ్లీషు తేదీ లేదు. వికారి అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1899–1900 కావచ్చు, 1959–60 కావచ్చు. తాత పేరు మనవడికి పెట్టే వంశం మాది, వరుడి పేరుతో తేలదు. అప్పుడు చిన్నాన్న అడుగు వరస మీద వేలు పెట్టారు: ‘పార్వతీపురం, శ్రీకాకుళం జిల్లా’.

“శ్రీకాకుళం జిల్లా అయింది 1950లో కదరా!” అన్నారు.

అంతే, తేలిపోయింది. మాఘం తెలుగు సంవత్సరం చివర్లో వస్తుంది కనుక పెళ్లి 1960లో.

పార్వతీపురం 1979లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు కేంద్రం. అందుకే ప్రదేశం గడిలో అచ్చులో ఉన్నది ఉన్నట్టే రాసి, ఇప్పటి జిల్లాను వేరే గడిలో పెట్టాను. పాత పేరును ‘సరిదిద్దితే’ తేదీ తేల్చిన ఆధారమే చెరిగిపోతుంది. తేదీకీ అంతే: తిథి ఒక గడి, లెక్కగట్టిన ఏడాది ఇంకో గడి, ఎలా తేల్చామో మూడో గడి. పార్వతిపురం అని రాసి వెతికేవాళ్లూ ఉంటారు, ఆ రూపమూ చేర్చాను.

ఫొటోల్లో వివరాలను ఫైలు లోపల కూడా రాశాను. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అవి పోతాయి, అందుకే బంధువులకు డాక్యుమెంటుగా పంపుతున్నాను. మొహాలు గుర్తుపట్టేది ఇప్పుడు పెద్దత్త ఒక్కరే. ఆవిడ చెబుతుంటే రాస్తున్నాను, ‘ఎవరు చెప్పారు’ అన్న గడితో సహా.