యాకిమా హాప్ తోటల్లో ఒక శనివారం

సెప్టెంబర్‌లో ఒక శనివారం పొద్దున్నే సియాటెల్ నుంచి బయల్దేరాం. స్నోక్వాల్మీ కనుమ దాకా వాన. అది దాటాక ఎండిన గోధుమరంగు కొండలే. కాస్కేడ్ పర్వతాలు మబ్బుల్ని ఆపేస్తాయి కాబట్టి యాకిమా లోయలో ఏడాదికి సుమారు 8 అంగుళాల వానే పడుతుంది. అయినా బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వులు అమెరికాలో పండేవాటిలో దాదాపు ముప్పాతిక వంతు ఇక్కడివే. అంతా కాలువ నీళ్ల చలవ.

ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అనే చేదు బీరంటే నాకు ప్రాణం. ఆ చేదు పుట్టే చోటు చూడాలని ఎన్నాళ్లనుంచో కోరిక. కారు నడపడానికి మా బావమరిది వచ్చాడు, అతను తాగడు.

మాక్సీ ఊళ్లో కారు అద్దం దించగానే ఘాటైన వాసన. కోతలు జరుగుతున్నాయి. 18 అడుగుల ఎత్తు పందిళ్లు, వాటినుంచి వేలాడే కొబ్బరిపీచు తాళ్లు, వాటిని చుట్టుకున్న తీగలు. తమలపాకు తోటలే గుర్తొచ్చాయి. లారీలోంచి దారి పక్కన రాలిన హాప్ పువ్వు ఒకటి తీసి విరిచాను. రేకుల మొదట్లో పసుపు పొడి. దాన్నే లుపులిన్ అంటారు. చేదు, వాసన రెండూ అందులోనే ఉంటాయి. అరచేతిలో నలిపితే ముందు నిమ్మతొక్క, తర్వాత దేవదారు జిగురు, ఆ వెనక బాగా తెలిసిన వాసన ఇంకోటి.

"బావా, ఇది మామిడికాయ సొన వాసన కదూ!" అన్నాడు మా నూజివీడు బావమరిది.

నిజమే. మిర్సీన్ అనే తైలం హాప్స్‌లోనూ ఉంది, మామిడిలోనూ ఉంది.

తోటల మధ్యే ఉన్న బేల్ బ్రేకర్‌కి వెళ్లాం. 1932 నుంచి హాప్స్ పండిస్తున్న కుటుంబం 2013లో తెరిచిన బ్రూవరీ అది. టాప్‌కట్టర్ ఐపీఏ తీసుకున్నాను. 6.8 శాతం ఆల్కహాల్. తీగల పైకొసలు కోసే యంత్రం పేరే ఈ బీరుకు పెట్టారు. గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే ఇందాకటి అరచేయి వాసన! గుక్క వేస్తే ముందు పండ్ల రుచి, దాని కింద కాస్త మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి, మింగాక చేదు. కాకరకాయలా గొంతు పట్టే చేదు కాదు, దబ్బకాయ తొక్క కొరికినప్పటి చేదు. నాలుక ఆరిపోయి మళ్లీ గుక్క అడుగుతుంది. బీరు తయారీలో మాల్ట్ రసం మరిగేటప్పుడు ముందే వేసిన హాప్స్ చేదునిస్తాయి, చివర్లోనూ తర్వాత ట్యాంకులోనూ వేసినవి వాసననిస్తాయి.

రెండోది ఈ నెలల్లోనే దొరికే పచ్చి హాప్స్ బీరు. మామూలుగా పువ్వుల్లోని 80 శాతం తేమను 10 దాకా ఆరబెడతారు. దీనికి మాత్రం కోసినవి కోసినట్టే వేస్తారు. అప్పుడే కోసిన గడ్డి, జామకాయ, పచ్చిదనం. చేదు మెత్తన. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

ఈ వాసన ఎక్కువకాలం నిలవదు. మొన్న ఒక దుకాణంలో తేదీ చూసుకోకుండా కొన్న ఐపీఏ డబ్బాలు తడిసిన అట్టపెట్టెలా అనిపించాయి. తప్పు బీరుది కాదు. నా దృష్టిలో ఐపీఏ మూడు నెలలు దాటితే కొనకూడదు, ఆలోపైనా చల్లగా ఉంచినదైతేనే కొనాలి.

రెండు గ్లాసులతో ఆపి, నాలుగు డబ్బాలు ఐసు పెట్టెలో పెట్టుకుని బయల్దేరాం. ఎలెన్స్‌బర్గ్‌లో ఆగినప్పుడు సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగాను. వేళ్ల జిగట పోలేదు. బావమరిది స్టీరింగ్ మీంచి ఒక చేయి తీసి మాటిమాటికీ వాసన చూసుకుంటున్నాడు.