బ్రష్ తలలో 36 చిల్లులు

గుంటూరు డిస్ట్రిబ్యూటర్ పంపిన కొరియర్ కవర్లో ఒక టూత్‌బ్రష్, ఒక చిన్న ప్లాస్టిక్ సంచి ఉన్నాయి. సంచిలో ఊడొచ్చిన మూడు కుచ్చులు, అంటే బ్రష్ పోగుల గుత్తులు. వాటితో పాటు కాగితం ముక్క మీద పెన్నుతో రాసిన ఒకే వాక్యం: "పిల్లవాడి నోట్లో దొరికాయి." మా ఓనర్ గారు ఆ కవర్ని నా టేబుల్ మీద పెట్టి ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయారు. ఆయన తిట్టినప్పుడు నాకు అంత టెన్షన్ ఉండదు.

జీడిమెట్లలోని ఆ చిన్న టూత్‌బ్రష్ యూనిట్లో ప్రొడక్షన్ బాధ్యత నాకొచ్చి అప్పటికి ఏడాదిన్నర. కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి నెట్టి హ్యాండిళ్ళు పోసే రెండు ఇంజెక్షన్ మౌల్డింగ్ మెషీన్లు, తలలో కుచ్చులు దిగ్గొట్టే టఫ్టింగ్ మెషీన్ ఒకటి, అదీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, ప్యాకింగ్ దగ్గర ఎనిమిది మంది ఆడవాళ్ళు. సొంత పేరుతో ఏమీ అమ్మం. ఎవరికి ఏ పేరు కావాలంటే ఆ పేరు ముద్రించి ఇస్తాం.

ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని శాంపిళ్ళు దాచి ఉంచుతాం. కవర్లో వచ్చిన బ్రష్ బ్యాచ్‌వే ఒక డజను తీసి, నోస్ ప్లయర్‌తో కుచ్చులు ఒక్కొక్కటే పట్టుకుని లాగడం మొదలుపెట్టాను. మొదటి మూడూ గట్టిగానే ఉన్నాయి. నాలుగోది తడి మట్టిలోంచి గడ్డిపరక వచ్చినట్టు వచ్చేసింది.

బ్రష్ పోగుల్ని జిగురుతో అతికిస్తారని చాలామంది అనుకుంటారు. ఈ ఉద్యోగంలో చేరేదాకా నేనూ అలాగే అనుకున్నాను. అసలు జరిగేది వేరు. హ్యాండిల్‌ని పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో పోసేటప్పుడే అచ్చులో తల భాగంలో సన్నని ఉక్కు పిన్నులు నిలబడి ఉంటాయి. ప్లాస్టిక్ వాటి చుట్టూ పారి గట్టిపడ్డాక, పిన్నులు ఉన్నచోట చిల్లులు మిగులుతాయి. మా బ్రష్‌లో 36. ఒక్కోటి 1.6 మిల్లీమీటర్ల వెడల్పు, సుమారు మూడున్నర మిల్లీమీటర్ల లోతు, అడుగు మూసి ఉంటుంది. టఫ్టింగ్ మెషీన్ నైలాన్ పోగుల్ని పిడికెడు తీసుకుంటుంది. ఈ పిడికెడు ఎంత అన్నది ఎవరూ లెక్కపెట్టరు, మెషీన్‌లో ఒక చిన్న గాడి ఉంటుంది, అందులో పట్టినన్ని. ఆ పోగుల్ని సరిగ్గా మధ్యలో మడిచి, మడత మీద చిన్న ఇత్తడి ముక్క పెట్టి, రెంటినీ కలిపి చిల్లులోకి దిగ్గొడుతుంది. మా పాత మెషీన్ నిమిషానికి 500 సార్లు ఈ పని చేసేది. అంటే నిమిషానికి 14 బ్రష్‌లకి కాస్త తక్కువ.

ఆ ఇత్తడి ముక్కనే యాంకర్ అంటాం. చదునైన తీగ చుట్టలుగా వస్తుంది, మెషీనే ముక్కలుగా కత్తిరించుకుంటుంది. కొన్నిచోట్ల ఇత్తడికి బదులు జర్మన్ సిల్వర్ వాడతారు, మనం పూజ సామాను కొనుక్కునే జర్మన్ సిల్వరే, పేరులో తప్ప వెండి లేనిది. యాంకర్ కావాలనే చిల్లు వెడల్పు కంటే కొంచెం పొడుగ్గా ఉంటుంది. మాది 1.9 మిల్లీమీటర్లు. 1.6 చిల్లులోకి 1.9 ముక్క దిగాలంటే రెండు కొసలూ ప్లాస్టిక్ గోడల్ని కోసుకుంటూ పోవాలి. దిగాక గోడలు దాన్ని రెండు వైపులా నొక్కి పడతాయి. కుచ్చు నిలబడేది ఆ నొక్కుడు మీదే. గోడ బాగుంటేనే ఇత్తడి పని చేస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు అనుకునేవాణ్ణి. ఎంత తెలుసో ఆ నెలలో తేలింది.

ఐఎస్ఓ 20126 ప్రమాణం ప్రకారం ఒక్కో కుచ్చు కనీసం 15 న్యూటన్ల లాగుడుకు ఆగాలి. మన లెక్కలో కిలోన్నర పైచిలుకు. కుచ్చుకి కిలోన్నర బియ్యం సంచి వేలాడదీసినా ఊడకూడదన్నమాట. అప్పటిదాకా మా దగ్గర దీనికి సరైన గేజ్ కూడా లేదు. సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా ఒకటి ఉండేది, క్యూసీలో, అంటే నాణ్యత చూసే చోట ఉన్న అమ్మాయి రోజుకి ఐదారు కుచ్చులు దాంతో లాగి రిజిస్టర్లో "ఓకే" రాసేది. ఆ రిజిస్టర్లో ఏడాది పొడుగునా ఓకేలే. ముందుగా ఒక డిజిటల్ ఫోర్స్ గేజ్ కొనిపించాను. ఆరు బ్రష్‌లు, ఒక్కోదాంట్లో పది కుచ్చులు. అరవైలో ఇరవై మూడు 15కి రాలేదు. అన్నింటికన్నా తక్కువది 6.

ఇక్కడ నేను చేసిన పని ఈ రంగంలో కొత్తగా వచ్చిన ఎవరైనా చేసేదే. పట్టు తక్కువైందా, యాంకర్ పొడుగు పెంచు. తీగ కట్ పొడుగుని 2 మిల్లీమీటర్లకి మార్చాం. మళ్ళీ లాగి చూస్తే 22, 25, 21. ఓనర్ గారికి కాగితం చూపించాను. ఆయన టీ తెప్పించారు.

ఎనిమిది రోజుల తర్వాత ప్యాకింగ్‌లో ఒకావిడ ఒక బ్రష్ పట్టుకుని వచ్చింది. "సార్, దీని మీద వెంట్రుక ఉందనుకుని తుడిచా, పోవట్లేదు." వెంట్రుక కాదు. ఒక చిల్లు నుంచి పక్క చిల్లు దాకా సన్నని తెల్లటి పగులు. ర్యాక్ మీద ఉన్న శాంపిళ్ళన్నీ కిటికీ దగ్గరికి తెచ్చి చూశాను. ఇరవైలో నాలుగింటికి అదే గీత. టఫ్టింగ్ అయినప్పుడు ఒక్కటీ పగల్లేదు. ఇత్తడి ముక్క లోపల రాత్రీ పగలూ గోడల్ని తోస్తూనే ఉంటుంది, తట్టుకోలేని ప్లాస్టిక్ తీరిగ్గా చీలుతుంది. ఊడే కుచ్చుల్ని పట్టి ఉంచబోయి ఏకంగా తల విరిగే బ్రష్ తయారుచేశాను.

ఆ వారంలోనే ఓనర్ గారు "అసలు యాంకర్ లేని మెషీన్లు వచ్చాయట కదా" అన్నారు. వచ్చాయి. జర్మనీ బ్లాక్ ఫారెస్ట్‌లో టోట్నావ్ అనే ఊరుంది, అక్కడి జహొరాన్‌స్కీ వాళ్ళు, బెల్జియంలో బుషెరీ వాళ్ళు, ప్రపంచంలో బ్రష్ మెషీన్లంటే ముందు వినపడే పేర్లివి. యాంకర్ లేని పద్ధతిలో పోగుల్ని మడవరు. ఒక పలుచని పలకలోని చిల్లుల్లోంచి దూర్చి, వెనక కొసల్ని కరిగించి ముద్ద చేసి, ఆ పలకని బ్రష్ తలకి అతికిస్తారు. ఇత్తడి ఉండదు, పగులు ఉండదు, కుచ్చు ఏ ఆకారంలోనైనా పెట్టుకోవచ్చు. ధర కనుక్కున్నాక ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. "మా తాత వేపపుల్ల నమిలితే సగం పీచు నోట్లోకే పోయేది, ఎవడూ కొరియర్ చెయ్యలేదు" అని మాత్రం ఒకసారి విసుక్కున్నారు.

నాకు దారి చూపింది ఆ అరవై లాగుళ్ళ కాగితమే. ఏ కుచ్చు ఏ వరసలోదో కూడా అందులో రాసి పెట్టాను. తక్కువ అంకెలన్నీ తల చిట్టచివరి వరసల్లోనే ఉన్నాయి. మెడ వైపు కుచ్చులు బాగానే పట్టుకున్నాయి. ఒకే మెషీన్, ఒకే తీగ, ఒకే పోగు. మరి తేడా ఎక్కడిది?

కుచ్చులు పెట్టని ఖాళీ హ్యాండిళ్ళు పది జేబులో వేసుకుని బాలానగర్ వెళ్ళాను. మా అచ్చు చేసిన మేస్త్రీ అక్కడే ఒక షెడ్డులో పనిచేస్తాడు. తెల్ల గడ్డం, మెడలో తాడుకి కట్టిన భూతద్దం. పిన్నులు అరిగిపోయాయని అతని మీద నెట్టేద్దామని నా ఆలోచన, ఒప్పుకుంటున్నాను. అతను అచ్చు సంగతే అడగలేదు. హ్యాండిల్ తల మీద బొటనవేలి గోరు ఆనించి, చివరి వరస మీదుగా మెల్లగా లాగాడు. గోరు ప్రతి చిల్లు దగ్గరా టక్కున ఆగింది.

"పెదవి లేచింది చూడు బేటా," అన్నాడు. భూతద్దంలో చూశాను. చిల్లు అంచు చుట్టూ ప్లాస్టిక్ సన్నని పెదవిలా పైకి లేచి ఉంది. చిల్లు నోరు గుండ్రంగా లేదు, గంట అంచులా విచ్చుకుంది. "మాల్ వేడి మీదుండగా పిన్ను మీంచి గుంజేస్తున్నారు. కూలింగ్ ఎంత పెట్టావు?"

"పద్నాలుగు సెకన్లు."

"నేను అచ్చు ఇచ్చినప్పుడు ఎంత?"

పద్దెనిమిది. దసరాకి ముందు పేస్టుతో బ్రష్ ఫ్రీ అంటూ ఒక కాంబో ఆర్డర్ వచ్చింది. గడువు దగ్గరపడుతుంటే కూలింగ్ పద్దెనిమిది నుంచి పద్నాలుగుకీ, అచ్చు నిండాక ఒత్తిడి పట్టి ఉంచే హోల్డింగ్ టైం ఆరు నుంచి నాలుగుకీ దించాం. ఒకసారి పోసి బయటికి తీసే మొత్తం సైకిల్ టైం 38 సెకన్ల నుంచి 32కి వచ్చింది. నాలుగు బ్రష్‌ల అచ్చు కాబట్టి గంటకి 70 బ్రష్‌లు ఎక్కువ. ఆ సెట్టింగ్ షీట్ మీద సంతకం నాదే.

వెనక్కి వచ్చి ఒక హ్యాండిల్ తలని హ్యాక్సా బ్లేడుతో నిలువునా కోసి, నీళ్ళలో ముంచిన సన్న ఎమరీ కాగితం మీద రుద్ది, లాప్‌టాప్‌కి తగిలించే చవక మైక్రోస్కోప్ కింద పెట్టాను. చివరి వరస చిల్లుల అడుగున, గోడ లోపల, ఆవగింజలో సగం కూడా లేని ఖాళీ బుడగలు. ప్లాస్టిక్ హ్యాండిల్ తోక వైపు నుంచి అచ్చులోకి వస్తుంది, తల చివరకి అన్నింటికన్నా ఆఖరున చేరుతుంది. అది చల్లారి కుంచించుకుపోతుంటే వెనక నుంచి ఒత్తిడితో ఇంకాస్త ప్లాస్టిక్ నెట్టాలి. దానికే హోల్డింగ్. దాన్ని రెండు సెకన్లు కోస్తే దెబ్బ తగిలేది తల చివరకే. యాంకర్ కొస గోడలోకి దిగుతున్నాననుకుని ఖాళీలోకి దిగుతోంది.

పగుళ్ళ సంగతి కూడా ఆ కోతలోనే సగం తేలింది. మా హ్యాండిల్‌కి ముత్యపు మెరుపు రంగు కలుపుతాం, దానివల్ల ప్లాస్టిక్ ఎటు పారిందో పైకి కనిపిస్తుంది. ప్రవాహం పిన్నుకి కొట్టుకుని రెండుగా చీలి, పిన్ను దాటాక మళ్ళీ కలుసుకుంటుంది. కలిసిన చోట ఒక అతుకు గీత. 36 పిన్నులకి 36 అతుకులు, అన్నీ బ్రష్ పొడవు దిక్కునే. మా యాంకర్లు కూడా ఆ దిక్కుకే తిరిగి ఉన్నాయి. కట్టెకి నార ఉన్న వైపే గొడ్డలి వేస్తే ఏమవుతుందో అదే అయింది. పోనీ అడ్డంగా తిప్పుదామంటే పక్క చిల్లుకి మధ్య గోడ మరీ పల్చన, ఒకటి చీలితే వరసంతా చీలుతుంది. అందుకని ఏటవాలుగా పెట్టాలి. టఫ్టింగ్ మెషీన్ కొన్నప్పుడే బ్రష్‌ని పట్టే బిగింపు ఏటవాలుగా ఉండేదట, ఎవరో ఎప్పుడో "నీట్‌గా" ఉంటుందని నిటారుగా చేశారని ఆపరేటర్ చెప్పాడు. ఎవరో అతను చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు.

సరిచెయ్యడానికి పట్టిన టైం మూడు రోజులే. కూలింగ్, హోల్డింగ్ పాత అంకెలకి తెచ్చాం. ప్లాస్టిక్ వేడిని పది డిగ్రీలు పెంచి 235కి పెట్టాం, అతుకులు బాగా కలిసిపోవాలని. తల చివర గాలి పోవడానికి మేస్త్రీ అచ్చులో వెంట్రుకవాసి గాడి గీశాడు. విరిగిన హ్యాండిళ్ళు నూరి మళ్ళీ కలిపే మాల్‌ని ఈ బ్రష్‌కి ఆపేశాను. యాంకర్ మళ్ళీ 1.9.

ఇంకొకటి కూడా మార్చాం, దీనికే ఎక్కువ గొడవ జరిగింది. హ్యాండిళ్ళు మౌల్డింగ్ నుంచి వచ్చాక 24 గంటలు ట్రేల్లో ఉండాలి, ఆ తర్వాతే టఫ్టింగ్. పాలీప్రొపిలీన్ అచ్చులోంచి బయటికి వచ్చాక కూడా ఒకటి రెండు రోజులు కుంచించుకుంటూ, గట్టిపడుతూ ఉంటుంది. హడావుడిలో మేం గోరువెచ్చగా ఉన్నవాటికే కుచ్చులు దిగ్గొట్టేవాళ్ళం. మెత్తటి గోడ యాంకర్‌ని సుఖంగా లోపలికి రానిస్తుంది, అంతే సుఖంగా పట్టు వదిలేస్తుంది. "ఒక రోజు సరుకు ఊరికే కూర్చోవాలా, ట్రేలు ఎక్కడ పెడతారు?" అని ఓనర్ గారు అడిగారు. సైకిల్ స్టాండ్ మీద రేకులు వేసి అక్కడ పెట్టాం. సైకిళ్ళు రోడ్డు మీదకి వెళ్ళాయి.

కొత్త బ్యాచ్‌లో మళ్ళీ అరవై లాగాను, ఈసారి సగం తల చివరివే. తక్కువది 18. చాలావరకు 22కీ 26కీ మధ్య. పది రోజులు కిటికీ దగ్గర పెట్టి రోజూ చూశాం. వెంట్రుక గీత ఒక్కటీ రాలేదు. పాత బ్యాచ్‌లో దొరికినంత సరుకు వెనక్కి తెప్పించి, ప్యాకింగ్ ఆడవాళ్ళతో కూర్చుని రెండు రోజులు తలలు కత్తిరించాం, ఎవరూ మళ్ళీ అమ్మకుండా.

సంక్రాంతికి ఆ కాంబో ఆర్డరే మళ్ళీ వచ్చింది, గడువు ఇంకా తక్కువ. రాత్రి షిఫ్ట్ ఆపరేటర్ ఫోన్ చేసి "సార్, టైమర్ ఏమైనా ముట్టుకోవాలా?" అన్నాడు. వద్దన్నాను. సరుకు మూడు రోజులు ఆలస్యంగా వెళ్ళింది, బిల్లులో రెండు శాతం కోసుకున్నారు. ఆ రెండు శాతం గురించి ఓనర్ గారు ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తు చేస్తుంటారు.