ప్రపంచ చరిత్రలో ఆఫ్రికా భాగం: న్యెరెరేతో మొదలుపెట్టి చూడండి

సివిల్స్ మెయిన్స్ జీఎస్ పేపర్ 1లో ప్రపంచ చరిత్ర అంటే ఫ్రెంచి విప్లవం, రష్యా విప్లవం, రెండు ప్రపంచ యుద్ధాల వరకు అందరం ధైర్యంగానే ఉంటాం. ఆఫ్రికా వచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది. యాభైకి పైగా దేశాలు, నోరు తిరగని పేర్లు, ఒక్కో దేశానికి ఒక్కో స్వాతంత్ర్య తేదీ. వీటిని జాబితాగా బట్టీపడితే రివిజన్ నాటికి ఏదీ మిగలదు. నేను ఈ భాగాన్ని ఒకే ఒక్క నాయకుడి జీవితం పట్టుకుని చదివాను. ఆయన టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరెరే. ఈ పద్ధతి నాకు బాగా పనికొచ్చింది. అందుకే ఏం చదివానో, ఎలా రాసుకున్నానో వివరంగా చెప్తాను.

ఆయనే ఎందుకని అడగొచ్చు. ఘనా నేత ఎన్‌క్రుమాను 1966లోనే సైన్యం దించేసింది. మండేలా గురించి చదివితే ఎక్కువగా వర్ణవివక్ష మీదే పట్టు వస్తుంది. న్యెరెరే స్వాతంత్ర్యోద్యమం నడిపారు, 20 ఏళ్లకు పైగా పాలించారు, తన ఆర్థిక విధానం దెబ్బతినడం కళ్లారా చూశారు, ఆ తర్వాత తనంతట తానే పదవి వదిలారు. వలస పాలన, సరిహద్దుల మార్పు, వలస పాలన అంతం, సోషలిజం అని సిలబస్‌లో విడివిడిగా కనిపించే అంశాలన్నీ ఆయన జీవితంలో ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

నోట్స్ కోసం ఒక పెద్ద కాగితం తీసుకుని మధ్యలో గీత గీశాను. ఎడమవైపు ఆయన జీవితం, కుడివైపు అదే సమయంలో ప్రపంచంలో జరిగినవి. ఎడమవైపు మొదటి వరుసలో, 1922లో విక్టోరియా సరస్సు దగ్గరి బుటియామాలో జననం. తండ్రి జనాకి అనే చిన్న తెగకు పెద్ద. కుడివైపు, 1884-85 బెర్లిన్ సమావేశం తర్వాత జర్మన్ తూర్పు ఆఫ్రికాగా ఉన్న ఆ నేల మొదటి ప్రపంచ యుద్ధంతో బ్రిటన్ చేతికి రావడం. రువాండా, బురుండి భాగం బెల్జియంకి పోయింది. మిగిలిన టాంగన్యికా (నేటి టాంజానియా ప్రధాన భూభాగం) నానాజాతి సమితి తరఫున బ్రిటన్ పాలించే మాండేట్‌గా, రెండో యుద్ధం తర్వాత ఐక్యరాజ్యసమితి ధర్మకర్తృత్వ ప్రాంతంగా మారింది. ఈ ఒక్క వరుస అర్థమైతే మాండేట్ వ్యవస్థ మీద ఏ ప్రశ్న వచ్చినా ఉదాహరణ చేతిలో ఉన్నట్టే.

చదువు భాగాన్ని క్లుప్తంగా రాసుకుంటే చాలు. 12 ఏళ్ల వయసులో బడిలో చేరారు. ఉగాండాలోని మకెరెరేలో చదివి, టాబోరాలో పాఠాలు చెప్పి, 1949 నుంచి 1952 వరకు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేశారు. తిరిగొచ్చి దార్ ఎస్ సలాం దగ్గర పుగులో మళ్లీ టీచర్‌గా చేరారు. జనం చివరిదాకా ఆయన్ని మ్వాలిము, అంటే మాస్టారు అనే పిలిచారు. 1954 జులై 7న టాను (టాంగన్యికా ఆఫ్రికన్ నేషనల్ యూనియన్) పార్టీ స్థాపించారు. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి ధర్మకర్తృత్వ మండలి ముందు దేశం తరఫున మాట్లాడారు, టీచర్ ఉద్యోగానికి రాజీనామా చేశారు.

ఇక్కడ మాత్రం కాస్త ఆగి చదవండి. 1958లో బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన ఎన్నికల్లో ప్రతి ఓటరూ ఒక ఆఫ్రికన్‌కి, ఒక ఆసియన్‌కి, ఒక యూరోపియన్‌కి ఓటేయాలని షరతు. జనాభాలో అత్యధికులు ఆఫ్రికన్లే అయినా ముగ్గురికీ సమాన సీట్లు. బహిష్కరించాలని పార్టీలో చాలామంది పట్టుబట్టారు. టాబోరా మహాసభలో న్యెరెరే పోటీ చేద్దామని ఒప్పించారు. మిగతా రెండు వర్గాల్లో కూడా తమకు అనుకూలమైన అభ్యర్థులను బలపరిచి టాను ఆ ఏర్పాటునే తనవైపు తిప్పుకుంది. 1922-23లో మన కాంగ్రెస్‌లో శాసనసభల్లోకి వెళ్లాలా వద్దా అని జరిగిన చర్చ, స్వరాజ్య పార్టీ పుట్టుక గుర్తు చేసుకుంటే ఇది ఇక మరచిపోరు. 1960 ఎన్నికల్లో 71 సీట్లకు 70 టానుకే వచ్చాయి. 1961 డిసెంబర్ 9న స్వాతంత్ర్యం.

కొద్ది వారాలకే, 1962 జనవరిలో, ఆయన ప్రధాని పదవి వదిలి రషీదీ కవావాకి అప్పగించి, పార్టీని పల్లెల్లో నిలబెట్టడానికి తిరిగారు. ఏడాది చివర్లో గణతంత్రం ఏర్పడ్డాక అధ్యక్షుడయ్యారు. ఇది రాసేటప్పుడు అదే 1962లో విచారణ లేకుండా నిర్బంధించే చట్టం వచ్చిందనీ, 1965లో ఏకపార్టీ వ్యవస్థ స్థిరపడిందనీ తప్పకుండా రాయాలి. 1964 జనవరిలో సైన్యం తిరగబడితే, దాన్ని అణచడానికి పాత పాలకుల సైన్యాన్నే పిలవాల్సి వచ్చింది. కొత్త దేశాలు ఎంత బలహీనంగా ఉండేవో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అదే నెలలో పక్కనే ఉన్న ద్వీప దేశం జాంజిబార్‌లో విప్లవం, ఏప్రిల్ 26న రెండు దేశాల కలయిక. ఆ కలయికతో ఏర్పడిన దేశమే టాంజానియా. ఆఫ్రికాలో దేశాలు కలిసి నిలబడిన సందర్భాలు చాలా తక్కువ కాబట్టి ఈ తేదీ విలువైనది.

అసలు సారం 1967 ఫిబ్రవరి 5 నాటి అరుషా ప్రకటనలో ఉంది. బ్యాంకులు, పెద్ద కంపెనీలు జాతీయమయ్యాయి. దేశం డబ్బు మీద, విదేశీ సాయం మీద కాకుండా వ్యవసాయం మీద, ప్రజల శ్రమ మీద నిలబడాలని ప్రకటించారు. పార్టీ, ప్రభుత్వ నాయకులు కంపెనీల్లో వాటాలు ఉంచుకోకూడదు, రెండు జీతాలు తీసుకోకూడదు, ఇళ్లు అద్దెకివ్వకూడదు అని నాయకత్వ నియమావళి పెట్టారు. జీఎస్ పేపర్ 4కి ఇది బంగారం లాంటి ఉదాహరణ. అంతకు ముందు ఏడాది విద్యార్థులు నిర్బంధ జాతీయ సేవకు వ్యతిరేకంగా ఆందోళన చేస్తే, వాళ్లను యూనివర్సిటీ నుంచి పంపించేసి, తన జీతం కూడా 20 శాతం తగ్గించుకున్నారు. ఆ మనిషి కాఠిన్యం, నిజాయతీ ఒకే సంఘటనలో కనిపిస్తాయి. ఆన్సర్‌లో రెండూ రాయండి, ఒకటే రాస్తే అబద్ధం అవుతుంది.

ఉజమా (స్వాహిలిలో కుటుంబ భావన, న్యెరెరే సోషలిజానికి పెట్టుకున్న పేరు) గ్రామాల గురించి చదివేటప్పుడు రెండు దశలను వేరుచేయాలి. 1967 తర్వాత మొదట్లో జనం ఇష్టపూర్వకంగా ఒకచోట చేరి ఉమ్మడిగా సాగు చేయాలనేది ఆలోచన. చాలా తక్కువ మంది ముందుకొచ్చారు. 1973 నాటికి గ్రామాల్లోకి మారడం ఆదేశమైంది. కొన్ని చోట్ల పాత ఇళ్లు కూల్చి జనాన్ని తరలించారు. కొన్నేళ్లలో కోటికి పైగా జనం ఆ గ్రామాల్లో నమోదయ్యారు. కొత్త చోట నేల ఎలాంటిదో, నీళ్లు ఎంత దూరమో చూడకుండా అధికారులు గీసిన గీతల ప్రకారం జరిగిన పని అది. 1974-75లో కరవు కూడా తోడవడంతో ధాన్యం దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. ఇంకోవైపు ఆ గ్రామాల వల్లే బడి, దవాఖానా, మంచినీళ్లు ఎన్నో కుటుంబాలకు దగ్గరయ్యాయి, వయోజన విద్య ఊపందుకుంది. రైతును అడగకుండా రైతు కోసం చేసిన పని ఎక్కడ ఆగిపోతుందో నాకు ఈ అధ్యాయమే నేర్పింది. భూసంస్కరణల మీద వ్యాసం రాసేటప్పుడు కూడా ఇదే మనసులో ఉంటుంది.

ఆర్థిక పతనానికి ఉజమా ఒక్కటే కారణమని రాయకండి. 1973, 1979 చమురు ధరలు, సైసల్ (తాళ్లకు వాడే నార) లాంటి ఎగుమతుల ధర పడిపోవడం, 1977లో తూర్పు ఆఫ్రికా కమ్యూనిటీ కూలిపోవడం, 1978-79లో ఉగాండా నియంత ఇదీ అమీన్‌తో యుద్ధం ఖర్చు, ఇవన్నీ కలిశాయి. అమీన్ సైన్యం కగేరా ప్రాంతాన్ని ఆక్రమిస్తే టాంజానియా సైన్యం తిప్పికొట్టి, 1979 ఏప్రిల్‌లో కంపాలా దాకా వెళ్లింది.

విదేశాంగ విధానంలో ఆయన మీద నాకున్న గౌరవం దాచుకోలేను. అంత పేద దేశం ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంత దేశాల విముక్తి పోరాటాలకు ఇల్లయింది. ఆఫ్రికా ఐక్యతా సంస్థ విముక్తి కమిటీ దార్ ఎస్ సలాంలోనే పనిచేసింది. మొజాంబిక్ విముక్తి సంస్థ ఫ్రెలిమో అక్కడి నుంచే నడిచింది. 1962లో రహస్యంగా దేశం దాటిన మండేలా అక్కడే ఆయన్ని కలిశారు. జాంబియా రాగి శ్వేతజాతి పాలనలో ఉన్న రొడీషియా (నేటి జింబాబ్వే) మీదుగా పోనక్కర్లేకుండా చైనా సాయంతో 1,860 కిలోమీటర్ల టాజారా రైలు మార్గం వేశారు. మ్యాప్‌లో ఈ లైన్ దార్ ఎస్ సలాం నుంచి జాంబియాలోని కపిరి మ్పోషి దాకా ఒక్కసారి గీయండి, ప్రచ్ఛన్న యుద్ధ కాలపు ఆఫ్రికా రాజకీయం సగం అక్కడే కనిపిస్తుంది.

1985లో పదవి వదిలారు, అలీ హసన్ మ్వినీ వచ్చారు, మరుసటి ఏడాదే ఐఎంఎఫ్‌తో ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత న్యెరెరే అధ్యక్షత వహించిన, వర్ధమాన దేశాల సమస్యలను పరిశీలించిన సౌత్ కమిషన్‌కి సెక్రటరీ జనరల్ మన మన్మోహన్ సింగ్. 1995లో తొలి గాంధీ శాంతి బహుమతి అందుకున్నది కూడా న్యెరెరేనే. 1999 అక్టోబర్ 14న లండన్‌లో కన్నుమూశారు. ఇప్పుడు ఐఐటీ మద్రాస్ తొలి విదేశీ క్యాంపస్ జాంజిబార్‌లో ఉంది. భారత్-ఆఫ్రికా సంబంధాల మీద జీఎస్ పేపర్ 2 ఆన్సర్‌కి ఈ మూడూ బాగా అతుకుతాయి.

ఒక జాగ్రత్త. 2016 మెయిన్స్‌లో పశ్చిమ ఆఫ్రికా వలస వ్యతిరేక పోరాటాలకు పాశ్చాత్య విద్య అందుకున్న కొత్త వర్గం నాయకత్వం వహించిందన్న ప్రశ్న వచ్చింది. అలాంటి చోట న్యెరెరే ప్రధాన ఉదాహరణ కాకూడదు, ఆయనది తూర్పు ఆఫ్రికా. ఎన్‌క్రుమా, సెనెగల్ నేత సెంఘోర్ మీద రాసి, పోలిక కోసం ఒక వాక్యంలో ఈయన్ని తేవచ్చు. 2013లో ఆఫ్రికాను యూరప్ పోటీ ముక్కలు చేసిందన్న ప్రశ్నకైతే టాంగన్యికా నేరుగా సరిపోతుంది.

ప్రాక్టీస్ కోసం ఈ ప్రశ్న తీసుకోండి: "ఆఫ్రికా సోషలిజం ఆర్థికంగా విఫలమైనా జాతి నిర్మాణంలో ఫలితాలిచ్చింది. టాంజానియా ఆధారంగా చర్చించండి." 250 పదాలు. 1967, 1973, 1985 రావాలి. 120కి పైగా తెగలున్న దేశాన్ని స్వాహిలి భాష ఎలా కలిపిందో ఒక పేరా ఉండాలి. ఏకపార్టీ పాలన, నిర్బంధ చట్టం రెండో వైపు రావాలి. టైమర్ పెట్టుకుని రాసి, తోటి ఆస్పిరెంట్‌తో దిద్దించుకోండి.