మా పత్రిక కొత్త సంచిక వచ్చింది

ఒడిశాలోని బరంపురంలో యూనివర్సిటీ పిల్లలం కలిసి నడిపే ఇంగ్లిష్ పత్రిక ఇది. ఎవరికీ జీతం లేదు, ప్రింటింగ్ ఖర్చు తలా కొంత వేసుకుంటాం. 1936లో మా గంజాం జిల్లా ఒరిస్సాలో కలిసినా ఊళ్లో తెలుగు ఇళ్లు తెలుగు ఇళ్లుగానే ఉన్నాయి. వాళ్ల కథలు మన ఒడిశా పిల్లలందరూ చదవాలనే నా తాపత్రయం.

ఈసారి పట్టుచీర నేసే ఒక తాతగారి గురించి రాశాం. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, తెగిన పోగు ముడేస్తూనే మాతో మాట్లాడారు. అంచులో గుడి గోపురంలా ఉండే కుంభం డిజైన్ వరస తప్పితే చీర మొత్తం పాడేనట. ఆ పేజీ సరిగ్గా రావాలని అందరం ఎంత టెన్షన్ పడ్డామో! నిన్న కాపీ ఇస్తే మనవరాలిని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చదివించుకున్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

వచ్చే సంచికకి గోపాల్‌పూర్‌లో తెలుగు జాలర్ల దగ్గరికి వెళ్తున్నాం. ఫొటోలు తీసేవాళ్లు కావాలి, మెసేజ్ పెట్టండి.