చొక్కా లేబుల్ మీది బొమ్మల భాష

మెడ దగ్గర గుచ్చుకుంటోందని లేబుల్ కత్తిరించి పారేసే ముందు ఒక్కసారి చదవండి. నీళ్ల తొట్టి ఉతకడానికి, త్రిభుజం బ్లీచ్‌కి, చతురస్రం ఆరబెట్టడానికి, వృత్తం డ్రైక్లీనింగ్‌కి. ఇస్త్రీపెట్టె సంగతి చెప్పక్కర్లేదు, ఆ వస్తువులాగే ఉంటుంది. త్రిభుజానికీ బ్లీచ్‌కీ మాత్రం ఏ పోలికా లేదు. అందరూ ఒప్పుకున్నారు కాబట్టే దానికా అర్థం. అమెరికన్ తత్వవేత్త చార్లెస్ పియర్స్ పోలికతో పనిచేసే గుర్తును ఐకాన్ అన్నాడు, ఒప్పందంతో పనిచేసేదాన్ని సింబల్ అన్నాడు. రెండోది నేర్చుకుంటేనే వస్తుంది, పొరపాట్లూ ఎక్కువగా అక్కడే.

తొట్టిలో 40 ఉంటే 40 డిగ్రీల నీళ్లే కావాలని కాదు, అంతకు మించొద్దని. చన్నీళ్లతో నిక్షేపంగా ఉతకొచ్చు. తొట్టి కింద ఒక గీత ఉంటే మెషీన్ మెల్లగా తిప్పాలి, రెండుంటే మరీ సున్నితంగా. తొట్టిలో చెయ్యి కనిపిస్తే చేత్తోనే.

ఖాళీ త్రిభుజమైతే ఏ బ్లీచైనా సరే. లోపల రెండు ఏటవాలు గీతలుంటే ఆక్సిజన్ రకమే వాడాలి. క్లోరిన్ పోశారా, రంగు వెలిసిపోతుంది, మళ్లీ రాదు. ఇస్త్రీపెట్టెలో ఒక చుక్క తక్కువ వేడి, మూడు చుక్కలు ఎక్కువ వేడి.

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది వృత్తం. చతురస్రం లోపల ఉంటే డ్రైయర్, ఒంటరిగా ఉంటే డ్రైక్లీనింగ్. గుర్తు అదే, చుట్టూ ఉన్న గీతే అర్థాన్ని మార్చేస్తుంది.