కిటికీ పక్క సీటు

నిన్న రాత్రి ఢిల్లీలో దిగడానికి ఇంకో అరగంట ఉందనగా, మా విమానం కింద నుంచి ఇంకో విమానం ఎదురుగా దూసుకుపోయింది. రెప్పపాటు. లైట్లు కనబడ్డాయి, పోయాయి. మధ్యలో కనీసం వెయ్యి అడుగులు, అంటే దాదాపు 300 మీటర్ల తేడా ఉంచుతారని తెలుసు. అయినా చేతులు చల్లబడ్డాయి.

వెంటనే చర్ఖీ దాద్రీ గుర్తొచ్చింది, హర్యానాలో రెండు విమానాలు గాలిలోనే ఢీకొన్న చోటు. 1996 నవంబర్ 12, సాయంత్రం. ఢిల్లీ నుంచి బయల్దేరిన సౌదీ విమానాన్ని 14 వేల అడుగుల దగ్గర ఉండమన్నారు. దిగుతున్న కజకిస్థాన్ విమానాన్ని 15 వేల దగ్గర. ఎదురుగా విమానం వస్తోందని, నేల మీంచి విమానాలకి దారి చెప్పే కంట్రోలర్ కజక్ సిబ్బందికి చెప్పాడు కూడా. కానీ కజక్ విమానం 15 వేల దగ్గర ఆగలేదు, ఇంకా కిందికి దిగింది. 349 మంది. ఒక్కరూ మిగల్లేదు. గల్ఫ్‌కి పనికోసం వెళ్తున్నవాళ్లు ఎందరో అందులో. మా ఊళ్లో చాలా ఇళ్ల నుంచి గల్ఫ్‌కి వెళ్లినవాళ్లున్నారు, అందుకే నా మనసు ఆ మాట దగ్గరే ఆగిపోతుంది.

తప్పు కజక్ సిబ్బందిదని విచారణలో తేలింది. నిజమే. కానీ వచ్చే విమానాలకీ పోయే విమానాలకీ అప్పుడు ఒకటే దారి. ఏది ఎంత ఎత్తులో ఉందో చూపించే రాడార్ కంట్రోలర్ ముందు లేదు, పైలట్ చెప్పిందే నమ్మాలి. మరి ఆ బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఆ ప్రమాదం తర్వాతే దారులు వేరు చేశారు, ఎదురొచ్చే విమానాన్ని పసిగట్టి హెచ్చరించే టీకాస్ పరికరాన్ని మన దేశంలో తప్పనిసరి చేశారు.

దిగేటప్పుడు పైలట్ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. థాంక్స్ చెప్పాను. రాడార్ ముందు కూర్చున్నవాళ్లకి ఎలా చెప్పాలో తెలియలేదు.