ఎర్రర్ మెసేజ్ కూడా ఇవ్వని క్రాష్

ప్రోగ్రామ్ ఆగిపోతే ఎర్ర అక్షరాల్లో ఏదో ఒకటి తిట్టి ఆగాలి. అప్పుడు కనీసం ఏ లైన్ చూడాలో తెలుస్తుంది. పైథాన్‌లో రాసిన మా ల్యాబ్ ప్రయోగానికి ఆ మర్యాద కూడా లేదు. ముఖ కవళికల వీడియో క్లిప్పులు ఒకదాని తర్వాత ఒకటి చూపించి, ఏ భావం ఎంత తీవ్రంగా కనిపించిందో రేటింగ్ తీసుకోవాలి, అంతే. సగం దాకా చక్కగా నడిచి, ఉన్నట్టుండి ఫుల్‌స్క్రీన్ విండో మాయమై డెస్క్‌టాప్ కనిపించేది. పార్టిసిపెంట్ నా వైపు చూస్తే "కాస్త ఆగండి" అనడం తప్ప నా దగ్గర జవాబు లేదు.

అందరూ చెప్పే వైద్యం ముందు అయింది: గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్. ఏమీ మారలేదు. "మామూలు ప్లేయర్‌లో బాగానే ఆడుతోంది కదా!" అన్నవాళ్లూ ఉన్నారు. ప్లేయర్‌కేం, ఒక ఫ్రేమ్ పోయినా దాటేసి వెళ్లిపోతుంది. ఇక్కడ ప్రతి ఫ్రేమ్‌నీ మానిటర్ రిఫ్రెష్‌తో కలపాలి, అదే సమయంలో కీబోర్డునీ కనిపెట్టుకుని ఉండాలి.

మొదటి ఆధారం ఎగ్జిట్ కోడ్‌లో (ప్రోగ్రామ్ ఆగిపోతూ వదిలే సంఖ్య) దొరికింది: -1073741819. విండోస్‌లో దీన్ని యాక్సెస్ వయొలేషన్ అంటారు. అంటే ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకుంది, సిస్టమ్ దాన్ని అక్కడికక్కడే ఆపేసింది. తప్పు జరిగేది పైథాన్ కింద ఉన్న సీ భాషలో రాసిన లైబ్రరీలో కాబట్టి, పైథాన్‌లో ఎర్రర్లను పట్టుకునే ట్రై-ఎక్సెప్ట్ ఎన్ని రాసినా దొరకదు. పైథాన్‌తోపాటే వచ్చే ఫాల్ట్‌హ్యాండ్లర్ మాడ్యూల్‌ని ఆన్ చేస్తే, చనిపోయే ముందు నడుస్తున్న లైన్ ఏదో చెప్తుంది. చెప్పింది కూడా. కాకపోతే ఒకసారి కొత్త క్లిప్ లోడ్ చేసే లైన్, ఇంకోసారి క్లిప్ ఆపే లైన్. అప్పుడే అనుమానం వచ్చింది, ఇది ఒక జబ్బు కాదేమోనని.

ప్రశ్నలు, రేటింగులు, బీప్ అన్నీ తీసేసి, విండో తెరిచి క్లిప్ ఆడించే చిన్న స్క్రిప్ట్ రాశాను. ఒకే క్లిప్‌ని ఎంతసేపు తిప్పినా ఏమీ కాలేదు. అన్నీ వరుసగా ఆడిస్తే పడిపోయింది. పక్కన టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుని చూస్తే, ప్రతి క్లిప్‌కీ మెమరీ మెట్లెక్కినట్టు పైకి పోతోంది, కిందికి దిగడం లేదు. 1920×1080 ఫ్రేమ్‌ని ఆర్‌జీబీగా (పిక్సెల్‌కి మూడు రంగుల విలువలు) విప్పితే సుమారు 6.2 ఎంబీ. సెకనుకు 30 ఫ్రేములంటే 187 ఎంబీ దాకా. డికోడర్ (వీడియోని ఫ్రేములుగా విప్పే భాగం) ముందుగా విప్పి ఉంచుకునేవి కొన్ని ఫ్రేములే అయినా, ప్రతి ట్రయల్‌కీ (ఒక క్లిప్, దాని రేటింగ్ కలిపి ఒక ట్రయల్) కొత్త వీడియో ఆబ్జెక్ట్ పుట్టి పాతది అలాగే ఉండిపోతుంటే ర్యామ్ ఎంతున్నా చాలదు. ల్యాబ్‌లో చేతులు మారుతూ వచ్చిన ఆ కోడ్‌లో పాత క్లిప్‌ని వదిలించే లైనే లేదు. ట్రయల్ చివర ఆపి, అన్‌లోడ్ చేసి, తర్వాతిదాన్ని ఖాళీ స్క్రీన్ సమయంలో లోడ్ చేయించాను. క్లిప్‌కి ముందు చూపు నిలపడానికి పెట్టే ఫిక్సేషన్ గుర్తు కనిపిస్తున్నప్పుడు లోడ్ చేస్తే దాని వ్యవధి ఒక్కోసారి ఒక్కోలా సాగుతుంది.

క్రాష్‌లు తగ్గాయి, పోలేదు. ఈసారి పడేది ఎప్పుడూ అవే కొన్ని క్లిప్పుల దగ్గర. వీడియో ఫైల్ లోపలి వివరాలు చెప్పే ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో చూస్తే విషయం బయటపడింది. మిగతావి హెచ్.264 (వీడియోని కుదించే పద్ధతి), 8 బిట్ (ఒక్కో రంగు విలువకి వాడే బిట్లు). ఇవి ఫోన్‌తో తీసినవి: హెచ్.265, 10 బిట్, పైగా ఫ్రేమ్ రేట్ నిలకడగా లేదు. ఫైల్ పేరు చివర అన్నిటికీ ఎంపీ4 అనే ఉంటుంది, అది చూసి ఏం తెలుస్తుంది?

వీడియోలను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో అన్నిటినీ ఒకే అచ్చులో పోశాను: హెచ్.264, 8 బిట్ 4:2:0 (రంగు వివరాన్ని తగ్గించి దాచే పద్ధతి), 720 లైన్లు, నిలకడగా 30 ఫ్రేములు. 60 హెర్ట్జ్ మానిటర్‌పై 30 అయితే ప్రతి ఫ్రేమ్ సరిగ్గా రెండు రిఫ్రెష్‌లు నిలుస్తుంది. 25 అయితే కొన్ని రెండు, కొన్ని మూడు. చిరునవ్వు మొదలయ్యే క్షణం ముఖ్యమైన ప్రయోగంలో అది చిన్న తేడా కాదు. ఒక క్లిప్ మాత్రం మార్చనివ్వకుండా మొండికేసింది: వెడల్పు రెండుతో భాగించబడదట. ముఖం దగ్గరికి క్రాప్ చేసినప్పుడు బేసి సంఖ్య వచ్చింది. ఒక్క పిక్సెల్ కోస్తే దారికొచ్చింది.

క్లిప్ ఆపేటప్పుడు వచ్చే క్రాష్‌కి కారణం శబ్దం. వీడియోలు మ్యూట్‌లోనే ఆడుతున్నాయి కానీ, వాల్యూమ్ సున్నా చేసినంత మాత్రాన ఆడియో ట్రాక్ పోదు. ప్రతి క్లిప్ సౌండ్ డివైస్‌ని తెరుస్తూనే ఉంది. అవతల మా బీప్ దాన్ని ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో, అంటే ఇంకెవరికీ ఇవ్వకుండా, పట్టుకుని కూర్చుంది. మార్చేటప్పుడే ఆడియో ట్రాక్ తీసేస్తే ఆ గొడవ తీరిపోయింది. మనుషులెవరినీ కూర్చోబెట్టకుండా, కీలు వాటంతటవే నొక్కుకునేలా పెట్టి రాత్రంతా తిప్పాను. పొద్దున చూస్తే ఇంకా నడుస్తోంది, మెమరీ కూడా ఉన్నచోటే ఉంది.

టెక్నికల్ పని అక్కడితో అయిపోయింది గానీ, అసలు టెన్షన్ డేటాతో. మధ్యలో ఆగిపోయినవాళ్లని మళ్లీ పిలవలేం, సగం క్లిప్పులు చూసేశారు కదా. పూర్తి చేసినవాళ్ల డేటా అయినా వాడుకుందామని అడిగితే మా ల్యాబ్ మేడమ్ ఒప్పుకోలేదు. "స్టిమ్యులస్ మారింది కదమ్మా, అది పైలట్ కిందే పెట్టు" అన్నారు. అంటే చూపించిన వీడియోలే మారాయి కాబట్టి ఆ డేటా ముందస్తు పరీక్ష కిందే లెక్క. బాధగా అనిపించినా ఆవిడ అన్నదే సరైనది. ఇప్పుడు ప్రతి ట్రయల్ అవగానే దాని డేటా ఒక వరసగా ఫైల్‌లోకి వెళ్లిపోతుంది, చివరిదాకా ఆగదు. డేటా సేకరణ ముగిసేవరకు ఆ కంప్యూటర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్‌లు ఆపించాను.